పరదేశిని చూచే చూపు

ఒక సమాజపు సంస్కారానికి గీటురాయి ఏది? పరాయివానిని అది చూచే తీరే గీటురాయి అని చరిత్ర చెబుతున్నది.

ఇంగ్లండునే తీసుకొందాము. 1517 మే నెల తొలి దినాన లండనులో పని నేర్చుకొనే యువకులు విదేశీ వర్తకుల, చేతిపనివారల ఇండ్లపై పడి విధ్వంసం సాగించారు. తమ నోటికాడి కూడు పరదేశులు లాగుకొంటున్నారన్నదే వారి ఆక్రోశం. అదే నగరంలో 1550లో ఆరవ ఎడ్వర్డు రాజు, మతహింసకు తాళలేక వచ్చిన ప్రొటెస్టంటులకు ప్రార్థనాలయం ఒసగాడు. 1290లో వెడలగొట్టిన యూదులు మాత్రం తిరిగి బాహాటంగా నివసించడానికి 1656 వరకు వేచివుండవలసి వచ్చింది. ఆ దేశపు వర్తకులే 1611లో మచిలీపట్నం రేవులో దిగి, పరదేశులై మన పాలకుల అనుమతి కోరడం కాలమహిమ!

అయితే మన నేల నిష్కళంకమైనదని మురియనక్కరలేదు. పారశీక దేశం నుండి వచ్చి బహమనీ రాజ్యానికి మంత్రియైన మహమూద్ గవాన్ బీదరులో గొప్ప విద్యాలయం నిర్మించాడు. దక్కనీ ప్రభువులకు, పరదేశీ ప్రభువులకు నడుమ రగిలిన ఈర్ష్యకు ఆయన బలియైనాడు. ఒడ్డె గజపతికి రాసినట్లు ఒక దొంగలేఖ సృష్టించారు. సుల్తాను విచారణయైనా జరుపక 1481లో కొండపల్లి వద్ద ఆయనకు మరణదండన విధించాడు. నిజం తెలిసి పశ్చాత్తాపం పొందినా పోయిన ప్రాణం తిరిగిరాలేదు. పరాయివానిపై నింద ఎంత సులువుగా అతుకుతుందో ఈ ఉదంతం చాటుతున్నది.

ఇందుకు భిన్నమైన చిత్రం మరొకటి కలదు. అన్నకు వెరచి గోలకొండ విడిచిన ఇబ్రహీం కుతుబ్ షా విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేండ్లు గడిపాడు. తెలుగు రుచి మరిగాడు. 1550లో సింహాసనమెక్కి తెలుగు కవులను ఆదరించాడు. వారి నోట మల్కిభరాముడైనాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. 1565 నాటి యుద్ధంలో రాజకీయం ఆయనను రామరాయలకు ఎదురు నిలిపిన మాట నిజమే. కాని తెలుగుతో ముడివడిన బంధం తెగలేదు.

లాభమున్నంతకాలం పరదేశిని ఆదరించడం వర్తకనీతి. కరవులో, కలహంలో, అపవాదు వేళ అతని పక్షాన న్యాయవిచారణ కోరడమే మానవనీతి. మన నౌపడ కూడలిలో బండి దిగేవారి నోట తెలుగు, ఒడియా, ఉర్దూ కలగలిసి వినవస్తాయి. ఆ మాటలలో ఏది పరాయిదని ఎంచబోయే ముందు విద్యార్థిలోకం కొండపల్లిని ఒకసారి స్మరించాలి.