గంజాయి మొక్కయు గిరిజన గృహిణియు



గసగసాలు లేని వంటిల్లు మనలో నరుదు. మసాలా నూరునపుడు ఆ తెల్లని గింజలను చేతిలోనికి దీసికొను మనలో నెందఱకు, ఆ గింజనిచ్చు మొక్కయే నల్లమందును గూడ నిచ్చునని తెలియును? రాజస్థాన, మధ్యప్రదేశ, ఉత్తరప్రదేశములలోని కొన్ని తావుల రైతులు కేంద్రప్రభుత్వమువలన అనుమతిపత్రమును బొంది, కొలిచి యిచ్చిన నేలలో నా పైరును పెంచి, నల్లమందు నంతను సర్కారునకే యప్పగింతురు. అది ఔషధములకు పోవును. గింజలు మన యింటికి వచ్చును. ఇంత తీవ్రమైన మొక్కయే చట్టము చెప్పినట్లు నడచుచుండగా, గంజాయిమొక్కను మాత్రము కట్టుబాటులతో నేల యనుమతింపరాదని కొందఱడుగుచున్నారు. అనుమతించినచో మన పిల్లల గతి యేమని మఱికొంద ఱడుగుచున్నారు. ఈ వాదమంతయు పట్టణములలో జరుగుచున్నది. ఆ మొక్క మొలచు కొండలనడుమ కాపురముండుదానను గావున, నాకు దోచిన నాలుగు మాటలు మీతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మావారు అరకులోయలో ఉపాధ్యాయులు. రెండేండ్ల క్రిందట వారి తరగతిలోని యొక పిల్లవాడు దసరా సెలవుల పిమ్మట బడికి రాలేదు. వారము దినములు గడచిన తరువాత వాని తల్లి చేత నొక కాగితము పట్టుకొని మా యింటికి వచ్చినది. “మేష్టారమ్మా, ఇందులో ఏం రాసుందో చదివి చెప్పమ్మా” అని గుమ్మములోనే కూర్చుండెను. చదివితిని. ఆమె పెద్దకుమారుడు గంజాయి మూటతో పట్టుబడినాడు. తూకము ఇరువది కిలోలకు మించినది. కొండమీదినుండి రోడ్డువఱకు మూట మోసినందులకు వానికి ముట్టినది ఒక రాత్రి కూలి. ఇప్పు డింటిపని చూచుటకు చిన్నవాడు బడి మానినాడు. నేను చదువుట ముగించినంతట ఆమె యొక్కటే ప్రశ్న వేసినది. “మూట పంపించినోడి పేరు అందులో ఉందా అమ్మా?” ఆ కాగితమును మొదటినుండి మరల చదివితిని. ఆ పేరు లేదు.

ఈ మొక్క మన దేశమునకు క్రొత్తది కాదు. అథర్వవేదము దీనిని ఓషధులలో నొకటిగా పేర్కొన్నది. అమరకోశమున వైశ్యవర్గమునందు భంగకు “మాతులానీ” యను నామాంతరము కలదు. మేనమామ భార్యకును ఆ మాటయే గదా! చిన్నతనమున నిఘంటువు వల్లించునపుడు ఈ రెండర్థములకు మేము నవ్వుకొనుచుండెడివారము. ఆయుర్వేదమున “విజయ” యను పేర నిది మందులలో చేరినది. ఆంగ్లేయ ప్రభుత్వము 1893లో నొక విచారణసంఘమును నియమింపగా, ఆ సంఘము వేయిమందికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధ మవసరము కాదనియు, పన్నును అనుమతిపత్రములును చాలుననియు 1894లో నిర్ణయించినది. పిమ్మట 1961లో ఐక్యరాజ్యసమితి యొడంబడిక వచ్చినది. దాని ననుసరించి మన పార్లమెంటు 1985లో మాదకద్రవ్యముల చట్టమును చేసినది. ఆ చట్టము ప్రకారము పూతతోగాని కాయతోగాని కూడిన కొనలే గంజాయి. పూతలేని యాకు గంజాయి కాదు. అందుచేతనే ఉత్తరాదిని కొన్నిచోట్ల నేటికిని భంగు అంగళ్లున్నవి. ఇట్లు ఒకే మొక్కయొక్క ఆకు అంగడిలోను, పువ్వు న్యాయస్థానములోను కనబడుచున్నవి.

శిక్షలు మాత్రము కఠినమైనవి. ఒక కిలోవఱకు స్వల్పపరిమాణము. దానికి ఒక యేడాదివఱకు ఖైదు గాని జరిమానా గాని, రెండునుగాని విధింపవచ్చును. ఇరువది కిలోలు మించినచో వాణిజ్యపరిమాణము. దానికి పదియేండ్లకు తక్కువగాక యిరువదియేండ్లవఱకు కఠినశిక్షయు, లక్షకు తగ్గని జరిమానాయు గలవు. అట్టి కేసులలో జామీను దొరకుట మిక్కిలి దుర్లభము. మొక్క పెంచినవానికి పదియేండ్లవఱకు శిక్ష పడవచ్చును. తూకమును బట్టియే నేరపు పెద్దఱిక మేర్పడుచున్నది. మూట బరువు తెలియును గాని దాని లాభ మెవనికి చేరునో తక్కెడ చెప్పలేదు గదా.

మా మన్యమున నీ పైరు పెరుగుటకు కారణములు దాగినవి కావు. చల్లని గాలి, ఏటవాలు నేల, రోడ్డు చేరని లోయలు, చేతిలో రొక్కము లేని సంసారములు. పెట్టుబడిదారుడు వెలుపలినుండి వచ్చును. విత్తనము తానే తెచ్చును. ముందుగా కొంత సొమ్మిచ్చును. పంట తానే యెత్తుకొనిపోవును. ఇచ్చట పెంచు మేలురకమునకు “శీలావతి” యని పేరు. పతివ్రత పేరు మత్తుమొక్కకు పెట్టినవాడెవడో గాని, ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు తలవంపుగా నుండును.

ప్రభుత్వము ఊరకున్నదనుట న్యాయము గాదు. 2021 అక్టోబరు కడపట “ఆపరేషన్ పరివర్తన” యను పేర ఏడువేల యైదువందల యెకరములకు పైగా తోటలను నరికించినది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చేరువ రెండు లక్షల కిలోల గంజాయిని నిప్పుల పాలు చేసినది. ఆ యేడు ఏప్రిలులో పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది. 2024లో “ఈగల్” అను ప్రత్యేక పోలీసుదళము పుట్టినది. 1972 అను సంఖ్యకు ఫోను చేసి యెవరైనను సమాచార మీయవచ్చును. మన్యమున సాగు చాలవఱకు తగ్గినది. కాని సరిహద్దు కావల ఒడిశా కొండలలో నింకను పండుచున్నది. ఆ సరకు మా దారులవెంటనే దిగుచున్నది. మొక్క తఱిగినను మోతకూలి తఱుగలేదు.

గంజాయికి మాఱుగా కాఫీ వేయుడని యధికారులు చెప్పుదురు. మంచిమాటయే. 2019లో అరకు కాఫీకి భౌగోళికగుర్తింపు లభించినది. సిల్వరుఓకు నీడను కాఫీయు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగయు గల తోటను చూచిన కన్నులకు పండుగ. కాని కాఫీమొక్క నాటిన మూడు నాలుగేండ్లకుగాని కాపునకు రాదు. గంజాయి ఆఱేడు నెలలలో కోతకు వచ్చును. ఈ నడుమ సంవత్సరములు గడచు టెట్లు? పసుపు, రాజ్మా, అల్లము కొంత యాదుకొనును. అప్పులవాడు గుమ్మమున నిలిచినపుడు ఆ కొంత చాలదు.

ఇక వాదమునకు వత్తము. అనుమతి కోరువారి మాటలలో సత్యము లేకపోలేదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘము గంజాయిని అతికఠినమైన పట్టికనుండి తొలగించినది. ఆ తీర్మానమునకు భారతదేశమును సమ్మతి తెలిపినది. మూర్ఛరోగముతో బాధపడు పసివారికి ఈ మొక్కనుండి తీసిన మత్తులేని మందును 2018లో అమెరికా ప్రభుత్వ మంగీకరించినది. ఉత్తరాఖండము 2018లోనే నారకొఱకు మత్తు తక్కువగల రకమును పెంచుటకు అనుమతి నిచ్చినది. అచ్చటి కొండ యాడువారు ఆ గింజలతో పచ్చడి నూరుదురు. దానివలన మత్తు కలుగదు. 1985 చట్టము సైతము నారకొఱకును గింజకొఱకును సాగు ననుమతించు నధికారమును ప్రభుత్వములకు విడిచియున్నది. కావున క్రొత్తచట్టము లేకయే కొంత చేయవచ్చును.

వలదనువారి మాటయు త్రోసివేయదగినది గాదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశమున మూడుకోట్లకు పైగా జనులు భంగు, గంజాయి, చరసులలో దేనినో యొకదానిని వాడుచున్నారు. లేతవయసున మొదలిడినవారికి జ్ఞాపకశక్తి సన్నగిల్లుననియు, కొందఱికి చిత్తభ్రమ కలుగుననియు, గర్భిణి సేవించినచో శిశువు తూకము తగ్గుననియు వైద్యులు హెచ్చరించుచున్నారు. సారాయి సర్కారు ముద్రతో నమ్మబడుటచేత తాగుబోతు మంచివాడాయెనా? ఆ ముద్రక్రింద నలిగిన సంసారముల సంగతి మనకంటె నెవరికి దెలియును?

పరదేశముల యనుభవమును చూడుడు. ఉరుగ్వే 2013లో చట్టముచేసి, పేరు నమోదుచేసికొన్న పెద్దవారికి మందులషాపులలో నమ్మించినది. కెనడా 2018లో వయసు, నాణ్యత, ప్రకటనలు అన్నిటికిని హద్దులేర్పఱచి యనుమతించినది. థాయిలాండు 2022లో నియమములు సిద్ధము కాకమునుపే మొక్కను నిషేధపుజాబితానుండి తొలగించినది. వీధివీధిని దుకాణములు వెలసినవి. తుదకు 2025లో వైద్యుని చీటి యుండవలెనని వెనుకకు తగ్గినది. కట్ట వేసిన తరువాత నీరు వదలవలెనుగాని, నీరు వదలి కట్ట వెదకరాదు.

అందుచేత “అనుమతింపవలెనా” యను ప్రశ్నకంటె “ఏవిధముగా, ఎవరికొఱకు” అను ప్రశ్న పెద్దదని నా యభిప్రాయము. పొగత్రాగుటకు గంజాయి నమ్ముటకు నేను సమ్మతింపను. బడిపిల్లల తల్లిగా నామాట యిదియే. కాని మందుకొఱకు, నారకొఱకు సాగు ననుమతింపదలచినచో మూడు సంగతులు మొదట తేలవలెను.

మొదటిది, అనుమతిపత్ర మెవరి పేర నుండవలెను? షెడ్యూలు ప్రాంతమున గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెందరాదని 1970నాటి నిబంధన శాసించుచున్నది. 1997లో సుప్రీముకోర్టు సమతా తీర్పున ఆ రక్షణను గట్టిపఱచినది. నల్లమందు విధానమువలె కొలత, తనిఖీ, సర్కారు కొనుగోలు ఉన్నచో మేలు. లేనిచో నేటి చీకటి పెట్టుబడిదారుడే రేపు కోటు తొడిగి కంపెనీపేర వచ్చును. అనుమతి గిరిజన మహిళాసంఘముల పేరను, కొనుగోలు 1956నుండి గిరిజనుల సరకు కొనుచున్న గిరిజన సహకార సంస్థవంటి దానిచేతను జరుగవలెను.

రెండవది, శిక్షలో తారతమ్యము. మోసినవానికిని మోయించినవానికిని తేడా చూపు చూపు చట్టమునకు గావలెను. వ్యసనపరుడు తనంతట చికిత్సకు వచ్చినచో స్వల్పపరిమాణపు కేసునుండి విముక్తి నిచ్చు నిబంధన చట్టమున నిప్పటికే కలదు. అప్పుచేత మూట నెత్తిన కుఱ్ఱవానికి అట్టి దారి యొకటి యేల యుండరాదు?

మూడవది, కాఫీ కాపునకు వచ్చులోపలి మూడేండ్లు. ఆ మూడేండ్లు ఇంటికి గింజయు, చేతికి పనియు దొరకనిచో, చట్టము వదలినను బిగించినను కొండవాని కొంపలో మార్పు రాదు.

చదువుచున్న తల్లులారా! మీ పట్టణములో దొరకు చిన్నపొట్లము మా కొండనుండియో, మా కొండదారినుండియో వచ్చినదై యుండవచ్చును. మీ కుమారుని జేబును చూచుకొనుడు. కోపముతో గాదు, చెంత కూర్చుండబెట్టుకొని మాటాడుడు. కొనువాడు తగ్గిననాడు మోయువాడు తగ్గును.

ఆ పిల్లవాడు మొన్న ఆషాఢములో మరల బడికి వచ్చుచున్నాడు. మావారు రెండుమార్లు వాని యూరికి నడచి వెళ్లి తల్లిని ఒప్పించిరి. అన్న యింకను తిరిగి రాలేదు. వాయిదాకాగితము వచ్చినప్పుడెల్ల ఆమె మా గుమ్మమునకు వచ్చి కూర్చుండును. నేను చదువుదును. ప్రతిమారును ఆ యొక్క పేరు కొఱకు వెదకుదును. మన చట్టసభలవారు గంజాయినిగూర్చి యేమి నిర్ణయించినను, ఆమె యడిగిన ప్రశ్నకు మాత్రము సమాధానము చెప్పినగాని అది మంచి చట్టము కానేరదు.