పాత ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించాలా, కొత్తది కొనాలా?

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, ఎల్బీ నగర్‌లో రూమ్, అన్నయ్య వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్. ఆన్ చేసి, కిందకెళ్ళి టీ తాగొచ్చినా ఓపెన్ కాదు. మీలో చాలామంది పరిస్థితి ఇదే కదా?

షాపుకి వెళ్ళేముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ ఓపెన్ చేయండి. ప్రాసెసర్ ఐ5-8250యు అని ఉంటే, గీత తర్వాత 8 అంటే ఎనిమిదో జనరేషన్. ఇంటెల్‌లో దాదాపు అక్కడి నుంచే విండోస్ 11కి సపోర్ట్. హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయించండి, ఇంకొన్నేళ్ళు లాగేయొచ్చు.

ఐ5-7200యు లాంటిదైతే ఆగండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. నెట్ బ్యాంకింగ్, ఎగ్జామ్ ఫీజులు అన్నీ దాంట్లోనే అంటే రిస్కే. ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. ఎస్‌ఎస్‌డీ ఒక్కటైతే ఓకే, రేపు కొత్తది కొన్నా కేస్‌లో పెట్టి వాడుకోవచ్చు.

అన్నట్టు, పాత డిస్క్ షాపులో వదిలేయకండి. మీ ఫొటోలు, ఆధార్ కాపీలు అందులోనే ఉంటాయి.