జాబితాలో అడుగున ఉన్న కాలేజీ

జూన్ వచ్చిందంటే ఫిల్మ్ నగర్‌లో కూడా సినిమా కబుర్లు కాస్త వెనకబడతాయి. కేరవాన్ పక్కన టీ తాగే ప్రొడక్షన్ మేనేజర్ దగ్గర్నుంచి ఫిల్మ్ ఛాంబర్‌లో మీటింగుకొచ్చిన నిర్మాత దాకా, ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లలుంటే అందరిదీ ఒకటే ప్రశ్న: ర్యాంకెంత, సీటెక్కడొస్తుంది? కొండ మీద జూబ్లీహిల్స్ ఇళ్లలో అమెరికా కాలేజీల జవాబులు అప్పటికే వచ్చేసి ఉంటాయి. కింద బస్తీల్లో, ఆవల కృష్ణానగర్‌లో లైట్‌మన్ కూతురో, కాస్ట్యూమర్ కొడుకో నెట్ సెంటర్‌లో కూర్చుని ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్ల కోసం కాలేజీ కోడ్లు రాసుకుంటుంటారు.

ఈ రెండు ఇళ్లకీ పోలికే లేదనిపిస్తుంది. కానీ పిల్ల బాగా చదివేదైతే రెండు చోట్లా ఒకే పొరపాటు జరుగుతుంది. జాబితాలో పైన పెట్టే నాలుగు పేర్ల మీద నెలల తరబడి చర్చ నడుస్తుంది. అడుగున పెట్టే పేర్లను మాత్రం చివరి రోజు రాత్రి ఎవరో ఒకరు హడావుడిగా నింపేస్తారు. ‘మనమ్మాయికి సేఫ్ కాలేజీ ఎందుకండీ, టాపర్ కదా’ అనే మాట బంధువుల నుంచి రానే వస్తుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, కొంచెం పరువు కూడా ఉంది. లెక్క మాత్రం లేదు.

లెక్క చూద్దాం. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు 1,80,200 మంది. వీళ్లంతా మెయిన్‌లో వడపోతకు నిలిచినవాళ్లే, చాలామంది తమ తమ స్కూళ్లలో, కాలేజీల్లో టాపర్లే. వీళ్లలో అర్హత సాధించింది 48,248 మంది. 23 ఐఐటీల్లోనూ కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే అర్హత సాధించినవాళ్లలోనే 30 వేల మందికి పైగా ఐఐటీ సీటు లేదు. పోనీ మళ్లీ రాద్దామంటే అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. అమెరికా వైపు చూసినా ఇంతే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీలకు దరఖాస్తు చేసిన ప్రతి వందమందిలో ఐదుగురికి మించి చోటు దొరకదు. తిరస్కరణకు గురైనవాళ్లలో ఎక్కువమంది చదువులో ఏ లోటూ లేనివాళ్లే. ఏ నిర్మాతా ఒకే విడుదల తేదీని, ఒకే థియేటర్ల చైన్‌ని నమ్ముకుని సినిమా తీయడు. అదే నిర్మాత కొడుకు కాలేజీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఐఐటీ బాంబే సీఎస్, లేకపోతే ఏదీ వద్దు’ అంటాడు.

ఎప్‌సెట్ సంగతి ముందు చెప్పుకోవాలి. ఎక్కువ ఇళ్లకు అదే దగ్గరి విషయం, దాని చుట్టూనే అపోహలూ ఎక్కువ. వాటిలో పెద్దది, ‘కింద మామూలు కాలేజీ పెడితే కంప్యూటర్ మనకి అదే ఇచ్చేస్తుందేమో’ అన్న భయం. ఈ భయంతోనే మంచి ర్యాంకు ఉన్న పిల్లలు పది పన్నెండు ఆప్షన్లతో ఆపేస్తారు. నిజానికి సీట్ల కేటాయింపు చాలా సాదా పని. కంప్యూటర్ ర్యాంకుల వరుసలో వస్తుంది. ఒక విద్యార్థి వంతు రాగానే అతను పెట్టిన ఆప్షన్లను పైనుంచి చూసుకుంటూ వస్తుంది. అతని కేటగిరీకి ఖాళీ ఉన్న మొదటి సీటు దొరకగానే అక్కడ ఆగుతుంది. పై ఆప్షన్ ఖాళీగా ఉండగా కిందికి దిగదు. కింద వంద పేర్లు ఉన్నా పై సీటు అవకాశం రవ్వంత కూడా తగ్గదు. అసలు నష్టం పన్నెండుతో ఆపినప్పుడే వస్తుంది. పన్నెండూ నిండిపోతే ఆ విడతలో సీటే ఉండదు. తనకంటే వెనక ర్యాంకువాళ్లు కింది కాలేజీల్లో మంచి బ్రాంచీలు తీసుకుపోతుంటే ఖాళీ చేతులతో రెండో విడత కోసం చూడాలి.

ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లు పంచే జోసా 2015లో మొదలైంది. అక్కడి లెక్క ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. దాని పునాది 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు రాసిన పద్ధతి. కోరుకునేవాళ్లనూ సీట్లనూ ఎవరికీ అన్యాయం జరగకుండా జతచేసే ఉపాయం అది. ఈ తరహా కృషికే షాప్లీకి, ఆల్విన్ రాత్‌కి 2012లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. మన పిల్లలకు కావలసింది అందులోంచి ఒక్క ముక్క: మనసులో ఉన్న ఇష్టాన్ని ఉన్న వరుసలోనే రాసేయడం తప్ప తెలివితేటలు చూపించాల్సిన పనిలేదు. వచ్చిన సీటు చాలనుకుంటే ఫ్రీజ్. ఇంకా పై ఆప్షన్ ఏదైనా రావచ్చనుకుంటే ఫ్లోట్. అదే కాలేజీలో మెరుగైన బ్రాంచీ చాలనుకుంటే స్లైడ్. అంతే.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త తప్పదు. ఎప్‌సెట్ రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి, వాటిలో ఒకటి వస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దవుతుంది. ‘ఊరికే పెట్టి చూద్దాం’ అనుకుని అంతకంటే తక్కువ కాలేజీ పేరు చేర్చారో, చేతిలో ఉన్నది పోతుంది. రెండో విడతలో రాయాల్సినవి చేతిలోని సీటుకంటే నిజంగా ఇష్టమైనవి మాత్రమే. అలాగే సీటు వచ్చాక గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు దక్కదు. ఏటా కొంతమంది ఫోన్‌కి మెసేజ్ వస్తుందిలే అని కూర్చుని పోగొట్టుకుంటారు.

మరి ఏది సేఫ్? దానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. ఏ కాలేజీలో, ఏ బ్రాంచీలో, ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర సీట్లు ముగిశాయో చెప్పే పట్టిక ఏటా కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. జోసా కూడా ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకుల్ని బయటపెడుతుంది. చాలామంది ఆ పట్టికలో ఒక ఏడాది అంకె చూసి ‘నా ర్యాంకు 200 ముందుంది, సేఫే’ అనుకుంటారు. అది సేఫ్ కాదు, సరిహద్దు. కొత్త సెక్షన్లు వస్తే కటాఫ్ కిందికి జారుతుంది. పేపర్ తేలికైతే ర్యాంకులు తారుమారవుతాయి. రెండు మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి, వాటిలో కఠినంగా ఉన్న ఏడాదిని పట్టుకుని, అప్పుడు కూడా సీటొచ్చేంత ఎడం ఉంటే దాన్ని సేఫ్ అనాలి. చూడాల్సింది మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా అన్న గడి మాత్రమే. పక్కింటివాళ్ల గడి చూసి ధైర్యపడటం, భయపడటం రెండూ దండగే.

ఎన్‌ఐటీల్లో మనకొక సౌకర్యం ఉంది. సగం సీట్లు ఆయా రాష్ట్రాలవాళ్లకే. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా పుట్టిన వరంగల్ ఎన్‌ఐటీ తెలంగాణ పిల్లలకు అందుకే కాస్త చేరువ. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ ఆంధ్ర పిల్లలకు అలాంటిదే. తిరుచ్చి, సూరత్కల్ పేర్లు పైన రాసుకోవచ్చు, తప్పులేదు. ఎడం లెక్కవేసేటప్పుడు మాత్రం సొంత రాష్ట్రం ఎన్‌ఐటీకి సొంత రాష్ట్రం కోటా అంకెలు, బయటివాటికి ఇతర రాష్ట్రాల కోటా అంకెలు చూడాలి.

సేఫ్ అనగానే సీటొస్తుందా రాదా అన్నదే చూస్తారు. కృష్ణానగర్ ఇంట్లో అసలు ప్రశ్న ఆ తర్వాతది. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఎప్‌సెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే ఏడాదికి 35,000 రూపాయలు అన్నది ఏళ్లుగా నడిచిన నిబంధన. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పనిలేదు. పేరున్న కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి లక్షన్నర దాటింది. 9,900 ర్యాంకు వచ్చిన పిల్లకి ఆ కాలేజీ ఉచితం. 10,100 వచ్చిన పిల్లకి లక్షన్నరలో 35,000 పోను ఏడాదికి 1,15,000, నాలుగేళ్లకు 4,60,000 రూపాయలు. తేడా రెండు వందల ర్యాంకులే. రోజు బేటా మీద నడిచే ఇంట్లో ఈ రెండో పిల్లకి ఆ కాలేజీలో సీటు ఖాయమే, చదువు ఖాయం కాదు. ఆమె జాబితా అడుగున ఉండాల్సింది జేఎన్‌టీయూ, ఉస్మానియా పరిధిలోని తక్కువ ఫీజు ప్రభుత్వ కాలేజీలు. డబ్బు కట్టలేని కాలేజీని సేఫ్ అనుకోవడం కంటే ప్రమాదం లేదు.

కొండ మీద దీనికి తిరగేసిన పొరపాటు జరుగుతుంది. ‘సీటు రాకపోతే బీ కేటగిరీలో కొనేద్దాం’ అనుకుంటారు. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అంటే బీ కేటగిరీ. ఆ ముప్ఫై శాతాన్ని నమ్ముకుని కన్వీనర్ ఆప్షన్లు నాలుగంటే నాలుగే పెట్టినవాళ్లున్నారు. కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడికి ఆ ర్యాంకుతో వచ్చే సీటు పోగొట్టి, అదే చదువు డబ్బుతో కొనిపెట్టడం ఏం తెలివో అర్థం కాదు.

ప్రైవేటు యూనివర్సిటీల దారి వేరు. ఐఐటీ ఫలితాలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లోనే సీటు బ్లాక్ చేసుకోమంటాయి. భయపడి కట్టేసి, తర్వాత ఎన్‌ఐటీ వచ్చినా ‘అంత డబ్బు పోతుందే’ అని అక్కడే చేరిపోయేవాళ్లుంటారు. 2024-25 ప్రవేశాలకు యూజీసీ సెప్టెంబర్ 30 లోగా రద్దు చేసుకుంటే మొత్తం ఫీజు, అక్టోబర్ 31 లోగా అయితే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించి మిగతాది తిరిగివ్వాలని చెప్పింది. కట్టేముందు ఆ ఏడాది నిబంధన ఏమిటో చదివి, రసీదు దాచుకుంటే చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోకూడదనీ యూజీసీ 2018లోనే చెప్పింది.

ఇక అమెరికా. అమీర్‌పేట, హిమాయత్‌నగర్ కన్సల్టెన్సీల్లో ఎంఎస్‌కి వెళ్లే పిల్లల నోట యాంబిషియస్, మోడరేట్, సేఫ్ అనే మూడు మాటలు మంత్రంలా వినిపిస్తాయి. ఇప్పుడు డిగ్రీకే వెళ్లే జూబ్లీహిల్స్ పిల్లలకూ అవే మాటలు. మాటలు మంచివే, వాడకంలోనే తేడా. యూనివర్సిటీ మొత్తం మీద సగంమందిని తీసుకుంటుందని చూసి సేఫ్ అనుకుంటారు. అదే చోట కంప్యూటర్ సైన్స్ తలుపు బాగా ఇరుకుగా ఉండొచ్చు. ఇలినాయ్ అర్బానా-షాంపేన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు ఇందుకు ఉదాహరణలు. పైగా చాలా కాలేజీలు విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది చూసే నిర్ణయిస్తాయి. సాయం అడిగినవాళ్లకు సేఫ్ కాస్తా మోడరేట్ అవుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, మరీ బలమైన విద్యార్థి ‘ఎలాగూ ఇక్కడికి రాడు’ అనిపిస్తే కొన్ని కాలేజీలు పక్కన పెడతాయి. సేఫ్ కాలేజీకి రాసే వ్యాసం కూడా మనసుపెట్టి రాయాల్సింది అందుకే. అరిజోనా స్టేట్ లాంటి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ దరఖాస్తుదారుల్లో అత్యధికుల్ని చేర్చుకుంటుంది. చురుకైనవాళ్ల కోసం అందులోనే బారెట్ అనే ఆనర్స్ కాలేజీ ఉంది. బాగా చదివే పిల్లకి ఇలాంటి సేఫ్ కావాలి: లోపలికి వెళ్లాక ఎక్కడానికి మెట్లున్నది.

‘సేఫ్’ అన్న మాటను నమ్మి తెలుగు పిల్లలు దారుణంగా దెబ్బతిన్న సందర్భాలు రెండు చెప్పుకోవాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై అమెరికా అధికారులు దాడి చేశారు. వెయ్యిమందికి పైగా విద్యార్థులు రోడ్డున పడ్డారు. వాళ్లలో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లే. కొందరి కాళ్లకు జాడ తెలిపే పట్టీలు తగిలించారు, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. మొదటి దెబ్బకే 130 మంది విద్యార్థులు అరెస్టయ్యారు. వాళ్లలో ఒకరు తప్ప అందరూ భారతీయులే, ఎక్కువమంది తెలుగువాళ్లు. దాని పేరు గుర్తింపు జాబితాల్లో కూడా కనిపించేది. కాబట్టి జాబితాలో పేరుంటే చాలదు. అక్కడ ఎవరు పాఠం చెబుతున్నారు, తరగతులెక్కడ జరుగుతున్నాయి, నిరుడు చేరినవాళ్లు ఏం చదువుతున్నారు అన్నవి ఇద్దరు ముగ్గురు విద్యార్థుల్ని అడిగి తెలుసుకోవాల్సిందే.

మరి కోరుకున్న కాలేజీ కానిదానిలో చేరితే జీవితం చిన్నదైపోతుందా? బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ విద్యార్థి, మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఐఐటీ ప్రవేశ పరీక్షలో తప్పానని తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. మణిపాల్‌లో ఇంజినీరింగ్, విస్కాన్సిన్-మిల్వాకీలో ఎంఎస్ చేశారు. అదే స్కూల్ నుంచి వచ్చిన అడోబీని నడిపించిన శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివి ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌కు వెళ్లారు. ఇలాంటి పేర్లు ఇద్దరివి చెప్పి ఏ కాలేజీ అయినా ఒకటేనని వాదించడం మోసమే అవుతుంది. మంచి కాలేజీకి విలువుంది. ఐఐటీ తప్పినవాళ్ల ముందు కూడా మణిపాల్, ఉస్మానియా లాంటి చదువు చెప్పే కాలేజీలు ఉండటమే ఇక్కడ గమనించాల్సింది.

ఫిల్మ్ నగర్ కాబట్టి సినిమా కలలున్న పిల్లల మాటా ఉంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కో విభాగానికి ఉండే సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. పైగా అక్కడ డైరెక్షన్ కోర్సుకు డిగ్రీ ఉండితీరాలి. 2011లో అన్నపూర్ణ స్టూడియోలో మొదలైన ఫిల్మ్ కాలేజీ ఇంటికి దగ్గరే, ఫీజు వివరాలు మాత్రం ముందే కనుక్కోవాలి. దర్శకుడు శేఖర్ కమ్ముల సీబీఐటీలో ఇంజినీరింగ్ చదివి, తర్వాతే అమెరికాలో హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదువుకున్నారు. నటుడు నవీన్ పొలిశెట్టి భోపాల్ ఎన్‌ఐటీ పట్టభద్రుడు. సినిమా కోసం డిగ్రీ మానేస్తానని పంతం పట్టే కొడుక్కి ఈ రెండు పేర్లూ పనికొస్తాయి.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు రోజు జాబితాను కిందినుంచి పైకి చదవండి. చివరి ఐదు కాలేజీల్లో ఒక్కోదాని దగ్గర ఆగి, ‘ఇదే వస్తే సంతోషంగా వెళ్తావా అమ్మా?’ అని అడగండి. వెళ్లనంటే ఆ పేరు తీసేసి ఇంకోటి వెతకండి. వాటిలో ఇంతవరకు ఎవరూ చూడని కాలేజీ ఉంటే, ఈ ఆదివారం కాదు, తరగతులు జరిగే రోజు చూసుకుని పిల్లల్ని తీసుకెళ్లి ఒక పూట తిరిగి రండి.