ఒక్క నొక్కుతో గిటార్ పెడళ్లు

మన రాయచూరు, సింధనూరు వైపు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించే మిత్రులకు ఈ ఇబ్బంది తెలిసిందే. పల్లవి ముగిసి చరణం అందుకునేలోగా ఒక పెడల్ ఆపాలి, ఇంకో రెండు వేయాలి. కాలు తడబడితే పాట చెడుతుంది.

దీనికి మార్గం మిడి. వాద్యాల కంపెనీలు కలిసి 1983లో తెచ్చిన పద్ధతి ఇది. ఆ తీగలో శబ్దం పోదు, ఆజ్ఞలే పోతాయి. వాటిలో మనకు కావలసినవి రెండు. ప్రోగ్రాం చేంజ్ అంటే, ముందే అమర్చి దాచుకున్న ధ్వనిని నంబరుతో పిలవడం. ఒక్క నొక్కుకు డిలే, కోరస్ అన్నీ మారిపోతాయి. కంట్రోల్ చేంజ్ అంటే, ఒక్క నాబ్‌ను చేత్తో తిప్పినట్టు, ప్రతిధ్వనిని కొద్దికొద్దిగా పెంచడం, తగ్గించడం. పాటపాటకూ ధ్వని మార్చేవారికి మొదటిదే చాలునని నా అభిప్రాయం.

ఒక చిక్కుంది. కొన్ని పెడళ్లు 0 నుంచి లెక్కిస్తాయి, కొన్ని 1 నుంచి. మీరు 5 నొక్కితే 6 పలకవచ్చు! ఇంట్లోనే సరిచూసుకోండి.

మిడి లేని పాత పెడళ్లకు లూప్ స్విచ్చర్ కావాలి. అది పెడల్‌ను దారిలో కలుపుతుంది, తప్పిస్తుంది. నాబ్‌లను మాత్రం కదిలించలేదు. ఉన్నవి రెండే పెడళ్లయితే ఇంత ఖర్చెందుకు? కాలితోనే నొక్కుకోండి.