మీకు తెలుసా? పాము బొమ్మ లేని పాము పేరు

డాలు బొమ్మ వేసి, దాని మీంచి పొగ సుడులు లేస్తున్నట్టు గీస్తే అదొక రాజుగారి పేరు. చిమల్‌పోపోకా, అంటే పొగలు కక్కే డాలు. ఇవాళ మెక్సికో నగరం ఉన్నచోట, టెనోచ్‌టిట్లాన్ నుంచి ఏలిన అజ్‌టెక్ రాజాయన. వాళ్ల నాహువాట్ల్ భాషలో మనుషుల పేర్లు ఇలా బొమ్మల్లోనే రాసేవారు. మనిషినో, ఒట్టి తలనో గీసి, పక్కన పేరు బొమ్మ వేసి, రెంటినీ సన్నటి గీతతో కలిపేవారు, కార్టూన్‌లో మాటల బుడగకి తోక పెట్టినట్టు. మరో రాజు, మొదటి మొక్టెజుమాకి ఇల్వికమినా అని ఇంకో పేరుంది. ఆకాశానికి బాణం వేసేవాడని. ఆయన పక్కన ఆకాశంలో దిగబడ్డ బాణమే కనిపిస్తుంది.

ఇంతవరకూ చూస్తే ఇది బొమ్మల కొలువే తప్ప రాత కాదనిపిస్తుంది. అసలు తమాషా అంతా ఇట్స్‌కోవాట్ల్ అనే ఇంకో రాజు పేరు దగ్గరుంది. నల్లగాజు రాతి పాము అని ఆ పేరుకి అర్థం. 1541 ప్రాంతంలో తయారై, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉన్న కోడెక్స్ మెండోజా అనే బొమ్మల పుస్తకంలో పాముని గీసి, వీపు పొడవునా రాతి పలుకులు గుచ్చారు. సరే, అనుకున్నట్టే ఉంది. కోడెక్స్ వెర్గారా అనే జనాభా, భూముల లెక్కల పుస్తకం తెరిస్తే అదే పేరులో అసలు పామే లేదు! నల్లగాజు మొన, ఓ కుండ, కాసిని నీళ్లు. రాయి ‘ఇట్స్‌ట్లి’, అందులోంచి ‘ఇట్స్’. కుండ ‘కోమిట్ల్’ కనక ‘కో’. నీళ్లు ‘ఆట్ల్’ కనక ‘ఆ’. చివరి ‘ట్ల్’ తోక చదివేవాడే తగిలించుకోవాలి. కుండకీ పాముకీ ఏ చుట్టరికమూ లేదు, రాసినవాడికి కావలసింది శబ్దం మాత్రమే. 19వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు ఒబేన్ ఈ రెండు రాతల్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు.

స్పెయిన్ వాళ్లొచ్చాక ఈ కిటుకు బాగా అక్కరకొచ్చింది. సేనాని అల్వరాడోతో పెద్ద ఇబ్బంది లేదు. జనం ఆయన్ని టోనాటియూ, అంటే సూర్యుడని పిలిచేవారు కనక సూర్యబింబం వేస్తే సరిపోయింది. తొలి వైస్రాయ్ ఆంటోనియో డి మెండోజాకి అలాంటి ముద్దుపేరు లేదాయె. కోడెక్స్ టెల్లెరియానో-రెమెన్సిస్‌లో ఆయనకి ఓ కిత్తనార మొక్కనీ, నేలలో బొరియలు తవ్వే ఎలుకలాంటి జంతువునీ జోడించారు. మొక్క ‘మెట్ల్’, జంతువు ‘టోసన్’. మె-టోసా! అంతటి దొరవారి పేరులో సున్నా ఎగిరిపోయి ఎలుక వచ్చి చేరింది.