బ్రేకులు పట్టివేయడం

బ్రేకులు పట్టివేయడం అనగా, కారు చాలాకాలం కదలకుండా నిలిచి ఉన్నందువలన బ్రేకు భాగాలు తుప్పుతోగాని, జిగురుతోగాని ఒకదానికొకటి అతుక్కుపోయి, బ్రేకు వదిలినా చక్రం తిరగకపోవడం. పాత కార్లలో ఇది సర్వసాధారణమైన సమస్య. మెకానిక్కులు దీనిని "బ్రేకు పట్టేసింది", "జామ్ అయింది" అని అంటారు. బిగుసుకున్న భాగాలను విడదీయడానికి బలం కంటే ఓపిక ఎక్కువ అవసరం. తొందరపడి కొట్టిన సుత్తి దెబ్బకు పోత ఇనుముతో చేసిన డ్రమ్ము పగిలితే, ఉత్పత్తి ఎప్పుడో ఆగిపోయిన కారుకు మరొకటి దొరకడం కష్టం.

హైదరాబాదులో పాత కార్లు

చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ వంటి కార్లకు ద్రవపీడనంతో పనిలేని యాంత్రిక బ్రేకులు ఉండేవి. నాలుగు చక్రాలకూ ద్రవపీడన బ్రేకులు అమర్చిన తొలి ప్రయాణీకుల కారు, 1921లో వెలువడిన అమెరికా దేశపు డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ. నగరంలో నేటికీ కనిపించే పాత కార్లలో ముఖ్యమైనవి 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్, ఫియట్ 1100 ఆధారంగా బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని. ఈ రెండింటికీ ద్రవపీడనంతో పనిచేసే డ్రమ్ము బ్రేకులు ఉంటాయి.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో బహుళ అంతస్తుల అపార్ట్‌మెంట్లు వెలిశాయి. తాతగారి అంబాసిడర్‌ను అమ్మడానికి మనసొప్పక సెల్లార్‌లో కవరు కప్పి ఉంచేవారికి ఈ సమస్య తప్పదు. గాలి ఆడని సెల్లార్‌లో వానాకాలపు తేమ త్వరగా ఆరదు. అందునా రాతి గుట్టల మీద కట్టిన ఈ ప్రాంతంలో వాలు ఎక్కువ కనుక హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి వెళ్ళడం అలవాటు. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో కార్లు నెలల తరబడి కదలలేదు. అదే సంవత్సరం అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి నగరంలోని అనేక సెల్లార్లలోకి నీరు చేరింది. హ్యాండ్ బ్రేకు వేసి ఉన్న కారు డ్రమ్ములలోకి నీరు చేరితే, లైనింగు డ్రమ్ముకు ఆనుకున్న చోటనే తుప్పు పట్టి రెండూ కలిసిపోతాయి.

కారణాలు

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. అందువలన సన్నని ఖాళీలలో ఏర్పడిన తుప్పు భాగాలను మేకు దిగ్గొట్టినట్లు బిగించివేస్తుంది. రెండవ కారణం బ్రేకు ద్రవం. దీనిని అందరూ "బ్రేక్ ఆయిల్" అని పిలుస్తారుగాని నిజానికి ఇది నూనె కాదు, గ్లైకాల్ సంబంధమైన ద్రవం. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ద్రవం మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. సుమారు 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ కనీస స్థాయి 140 డిగ్రీలు మాత్రమే. చేరిన ఆ నీరే వీల్ సిలిండర్ లోపలి గోడను తినివేసి పిస్టన్‌ను కదలనివ్వదు.

పేరు తెచ్చిన ముప్పు మరొకటి ఉంది. "ఆయిల్" అన్నారు కదా అని ఇంజను ఆయిల్ పోసినా, తుప్పు వదలడానికి కిరోసిన్ సిలిండర్‌లోకి వదిలినా, లోపలి రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయి. అటువంటి కారుకు కొద్ది రోజులు బ్రేకు బాగానే పడి, తరువాత ఒక్కసారిగా పోవచ్చు. ఒకే ద్రవ మార్గం ఉన్న పాత కార్లలో ఒక్క చక్రం వద్ద కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి.

లోపం గుర్తించడం

వెనుక చక్రాలు రెండూ తిరగకపోతే హ్యాండ్ బ్రేకు కేబులునుగాని, అతుక్కున్న లైనింగునుగాని అనుమానించాలి. నాలుగూ పట్టి ఉంటే లోపం మాస్టర్ సిలిండర్ వద్ద ఉండవచ్చు. ఒకే చక్రం పట్టి ఉంటే దాని బ్లీడర్ మరను కొద్దిగా వదులు చేసి చూడాలి. వెంటనే చక్రం తిరిగితే లోపల ఒత్తిడి చిక్కుకున్నదని అర్థం. బయటికి బాగానే కనబడే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, ద్రవాన్ని వెనుకకు రానివ్వకపోవడం ఇందుకు తరచుగా కారణం. అప్పటికీ తిరగకపోతే డ్రమ్ము విప్పవలసిందే.

విడదీయు విధానం

ముందుగా చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టి, కారును స్టాండ్ల మీద నిలపాలి. కేవలం జాకీని నమ్మి పని చేయరాదు. కారును గేరులో వేసి ముందుకు వెనుకకు మెల్లగా ఊపితే కొన్నిసార్లు "టక్" మని వదులుతుంది. అయినా డ్రమ్ము విప్పి చూడవలసినదే, ఎందుకంటే ఆ కుదుపుకు లైనింగు షూ నుండి ఊడిపోయి ఉండవచ్చు.

డ్రమ్ము తీసేముందు హ్యాండ్ బ్రేకు వదలి, అడ్జస్టరును పూర్తిగా వదులు చేయాలి. అరిగిన డ్రమ్ము అంచున గట్టు ఏర్పడి ఉంటుంది. షూలు లోపలికి రాకపోతే అవి ఆ గట్టుకు తగులుకొని డ్రమ్మును రానివ్వవు. చాలామంది ఇక్కడే పొరబడి తుప్పును నిందిస్తారు. హబ్బు చుట్టూ తుప్పు వదిలించే నూనె కొద్దిగా వేసి, రాత్రంతా నాననివ్వాలి. ఈ నూనె లైనింగుకు తగలరాదు. తరువాత చక్రపు బోల్టుల మధ్య ముఖభాగం మీద సుత్తితో చుట్టూ సమంగా తట్టాలి, అంచు మీద కొట్టరాదు. కొన్ని డ్రమ్ములకు మర రంధ్రాలు రెండు ఉంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే పైకి లేస్తుంది. అవి లేనిచోట పుల్లరు వాడతారు. వేడి చేయడం చివరి ఉపాయం. క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ చల్లిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది కనుక ఆ పని ఎన్నడూ చేయరాదు.

డ్రమ్ములోని దుమ్మును నోటితోగాని, గాలి పంపుతోగాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాని పోగులు ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి.

బిగుసుకున్న పిస్టన్‌ను బయటికి తెప్పించడానికి బ్రేకు పెడల్ ఒత్తిడే మేలు. గాలి పంపు ఒత్తిడికి పిస్టన్ తుపాకీ గుండులా దూసుకువచ్చి వేళ్ళు విరగవచ్చు. సిలిండర్ గోడపై గుంటలు ఉంటే మార్చడమో, కొత్త స్లీవు వేయించడమో చేయాలి. గుంటల మీద కొత్త కప్పులు వేస్తే ఎక్కువ కాలం నిలవవు. రబ్బరు గొట్టాలు పాతవైతే చూడటానికి ఎలా ఉన్నా మార్చడం మంచిది.

రోడ్డు మీదికి తెచ్చేముందు

కొత్త ద్రవం పోసి, సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయాలి. ద్రవం రంగు మీద పడితే వెంటనే నీటితో కడగాలి, లేకపోతే పెయింటు లేస్తుంది. సిలికాన్ ఆధారిత డాట్ 5ను గ్లైకాల్ ద్రవంతో కలపరాదు.

2021 జూలైలో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, 50 సంవత్సరాలు దాటి అసలు రూపంలో ఉన్న కార్లను "వీఏ" అక్షరాలు గల నంబరుతో వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వీటిని ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, ఇంధనం వంటి పనులకు మాత్రమే రోడ్డు మీదికి తీయవచ్చు. మొదటి పరీక్ష మాత్రం రద్దీ లేని చదునైన చోట, తక్కువ వేగంతో జరగాలి. కొన్ని కిలోమీటర్లు నడిపి ఆపిన తరువాత ప్రతి డ్రమ్ము దగ్గరా చేయి పెట్టి, తాకకుండానే వేడిని పోల్చి చూస్తారు. తక్కినవాటి కంటే బాగా కాలుతున్న చక్రం ఇంకా పట్టి ఉన్నట్లే లెక్క, దానిని మళ్ళీ విప్పాలి.