కోరంగి మడ అడవి: రైతులు చూచి రావలసిన చోటు

సార్వా కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన తరువాత రైతు కుటుంబములు తీర్థములకు, తిరునాళ్ళకు పోవుట మన పల్లెలలో ఆనవాయితీ. ఈ ఏడు అట్టి ప్రయాణములో ఒక దినమును కాకినాడకు దక్షిణమున గల కోరంగి మడ అడవికి కేటాయించవలసినదిగా మిమ్ములను కోరుచున్నాము. అడవి చూచుటకు రైతుకేమి పని అని మీరనవచ్చును. గోదావరి డెల్టా పొలములకు సముద్రము వైపున ఉన్న కడపటి గట్టు ఆ అడవియే. మీ చేని గట్టును ప్రతి ఏటా తిరిగి చూచుకొందురు కదా! ఈ గట్టు ఎట్లు నిలిచియున్నదో, ఎక్కడ బలహీనపడుచున్నదో కూడ ఒకసారి చూచి తెలిసికొనుట మంచిది.

ఎక్కడ? ఎప్పుడు?

గౌతమీ గోదావరి సముద్రమున కలియు ప్రాంతములో, కోరంగి, గాడేరు పాయల వెంట ఈ అడవి వ్యాపించియున్నది. 1978లో ప్రభుత్వము దీనిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించినది. విస్తీర్ణము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుండి యానాం పోవు రోడ్డున సుమారు 20 కిలోమీటర్లు పోయినచో అక్కడికి చేరవచ్చును. చెట్ల నడుమ నడచి పోవుటకు కర్రల బాట, కాలువలలో తిరుగుటకు పడవలు కలవు.

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. ఎండ తీవ్రత ఉండదు. చలిదేశముల నుండి వచ్చిన పక్షులు కూడ అప్పుడే ఇక్కడ ఉండును. అక్టోబరు, నవంబరు మాసములు తుపానుల కాలము గనుక వాతావరణ సూచన తెలిసికొని మాత్రమే బయలుదేరవలెను. మరియొక సంగతి. ఈ అడవిలో గడియారము కంటె ఆటుపోటులు ముఖ్యము. నీరు తీసినప్పుడు వేళ్ళు, పీతలు, బురద మీద మేయు పక్షులు కనబడును. పోటు వచ్చినప్పుడు పడవ చిన్న కాలువలలోనికి పోగలదు. కనుక పోగానే పడవవారిని "ఈ వేళ పోటు ఎన్ని గంటలకండి?" అని అడిగి, దానినిబట్టి మీ తిరుగుడును ఏర్పాటు చేసికొనండి.

ఉప్పునేలలో పెరుగు చెట్లు

ఉప్పు తేలిన పొలములో వరి నారు ఎర్రబారి చచ్చుట మీరెరిగినదే. అట్టి నేలలో, దినమునకు రెండు మారులు ఉప్పునీరు వచ్చి పోవు బురదలో, ఈ చెట్లు పచ్చగా ఎట్లు పెరుగుచున్నవి? ఇక్కడ మీరు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే.

తెల్లమడ, నల్లమడ చెట్ల క్రింద బురదలో నుండి మేకుల వలె వందలాది వేళ్ళు పైకి పొడుచుకొని వచ్చియుండును. బురదలో గాలి ఆడదు గనుక చెట్టు ఈ వేళ్ళ ద్వారా గాలి పీల్చుకొనును. మడ ఆకు ఉప్పును బయటకు విసర్జించును. ఎండ కాసిన దినమున ఆకుపై ఉప్పు పొడి కనబడును. పొన్న చెట్టు పద్ధతి వేరు. కాండము నుండి విల్లువలె వంగిన ఊతవేళ్ళను నలువైపుల దింపి, మెత్తని బురదలో పడిపోకుండ నిలిచియుండును. దాని గింజ చెట్టుమీదనే మొలకెత్తి, చిన్న మునగకాయవలె వ్రేలాడి, తరువాత క్రింద పడి బురదలో నాటుకొనును. నారు పోసి, పీకి నాటు మన పద్ధతిని ఈ చెట్టు తానే చేసికొనుచున్నదన్నమాట.

తిల్ల చెట్టును మాత్రము దూరము నుండియే చూడండి. దాని పాలు కంట పడినచో మంట పుట్టి చూపునకే హాని కలుగును. ఏ ఆకు ముట్టవచ్చునో, ఏది ముట్టరాదో మీకు తెలియదు. మీ వెంట నడచు స్థానికునకు తెలియును. మార్గదర్శి లేకుండ ఈ అడవిలో తిరుగరాదనుటకు ఇది మొదటి కారణము.

చేపలకు నారుమడి

రాలిన మడ ఆకులు బురదలో కుళ్ళి సూక్ష్మజీవులకు, వానివలన చిన్న చిన్న ప్రాణులకు ఆహారమగుచున్నవి. ఆ ఆహారము కొరకు, వేళ్ళ నడుమ దొరకు రక్షణ కొరకు రొయ్య పిల్లలు, మండపీత పిల్లలు, పండుగప్ప వంటి చేపల పిల్లలు ఇక్కడ చేరి పెరుగును. పెద్దవైన తరువాత కొన్ని సముద్రమునకు పోవును. కాబట్టి మడ అడవి చేపలకు నారుమడి. నారుమడి చెడినచో ఊడ్పులుండవు. అడవి చెడినచో తీరమున వలవేయువాని బుట్ట నిండదు.

ఓపికతో చూచువారికి ఇంకను చాల కనబడును. బురదపై గెంతులు వేయు చిన్న చేపలు, నీటికుక్కల గుంపులు, శీతకాలములో క్రింది ముక్కు పై ముక్కు కంటె పొడవుగానుండు ఇండియన్ స్కిమ్మర్ పక్షులు ఇక్కడివే. చేపలు పట్టి తిను బావురుపిల్లి కూడ ఈ అడవిలో గలదు. అది ఎక్కువగా రాత్రివేళ తిరుగును గనుక కనబడుట అరుదు. బురదలో దాని అడుగుజాడలను చూపగలవాడు దొరికినచో అదియే అదృష్టమనుకొనండి.

అడవికి ఎదురుగా సముద్రములో గల హోప్ ఐలండ్ గోదావరి మోసికొని వచ్చిన ఇసుకతో సుమారు రెండు వందల ఏండ్లలో ఏర్పడిన దిబ్బ. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రులందు ఆ ఒడ్డునకు వచ్చి, గుంట త్రవ్వి, సుమారు నూరేసి గుడ్లు పెట్టి పోవును. అక్కడికి పోవుటకు అటవీ శాఖవారి అనుమతి ఉండవలెను. దీపములు వేసి తాబేళ్ళను బెదరించుట, గుడ్లను ముట్టుట తగదు.

తుపానులు నేర్పిన పాఠము

కోరంగి ఒకప్పుడు ఓడలకు పేరుపడిన రేవు. ఇక్కడ నుండి ఓడలెక్కి బర్మాకు పోయిన తెలుగువారిని అక్కడ "కోరంగీలు" అని పిలిచెడివారు. 1789లో ఒకసారి, 1839 నవంబరు 25న మరియొకసారి సముద్రము ఉప్పెనగా పొంగి ఈ రేవును ముంచినది. వేలాది ప్రాణములు పోయినవి. రెండవ ఉప్పెన తరువాత రేవు మరల పూర్వస్థితికి రాలేదు. మన కాలములో 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో లెక్కకు మించిన కొబ్బరిచెట్లను కూల్చినది. వేయిమందికి పైగా మరణించిరి. కొబ్బరి మరల నాటి కాపునకు తెచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టునో మీకు చెప్పనక్కరలేదు.

ఇట్టి సమయమున మడ అడవి ఏమి చేయగలదు? 1999 అక్టోబరులో ఒరిస్సా తీరమును పెనుతుపాను కొట్టినది. కేంద్రపడా జిల్లా గ్రామములను పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనములో, సముద్రమునకు, ఊరికి నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణములు తక్కువగా ఉన్నట్లు తేలినది. చెట్ల కాండములు, వేళ్ళు అలల జోరును తగ్గించుటయే ఇందుకు కారణము. అయితే ముందుగా హెచ్చరిక చేసి జనమును తరలించుటవలన దక్కిన ప్రాణములు ఇంకను ఎక్కువ అని కూడ ఆ అధ్యయనమే చెప్పినది. కనుక మడ ఉన్నదను ధైర్యముతో తుపాను హెచ్చరికను పెడచెవిని పెట్టరాదు. గట్టు గట్టే, జాగ్రత్త జాగ్రత్తే.

ఎండిన మడను తిరిగి పెంచిన విధము

వంటచెరకు కొరకు నరుకుట, పశువులను తోలుట, చేపల, రొయ్యల చెరువులు త్రవ్వుట, పైనుండి వచ్చు మంచినీరు, ఒండ్రు తగ్గుట, ఇవన్నియు మడ అడవులకు చేటు తెచ్చుచున్నవి. చెట్లు పోయిన చోట నేల కొంత కుంగి, పోటునీరు వచ్చి నిలిచి, ఎండకు ఆవిరియై ఉప్పు పేరుకొనును. అట్టి నేలలో గింజ పడినను మొలవదు.

ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీ శాఖవారు, తీర గ్రామముల ప్రజలు కలిసి గోదావరి, కృష్ణా తీరములలో దీనికొక ఉపాయము నెరపిరి. చేప ముల్లు ఆకారములో నడుమ ఒక పెద్ద కాలువ, ఇరువైపుల పిల్లకాలువలు త్రవ్వి పోటునీరు వచ్చి పోవునట్లు చేసిరి. ఉప్పు కడుగుకొని పోయిన తరువాత కాలువల ఒడ్డున మడ మొక్కలు నాటిరి. చౌడు నేలకు మురుగుకాలువ త్రవ్వి బాగుచేయు రైతునకు ఈ కిటుకు చూడగానే అర్థమగును. ఇట్లు పెరిగిన తోటలున్నవా, చూపగలరా అని మీ మార్గదర్శిని తప్పక అడుగండి.

మార్గదర్శికి విలువ ఇవ్వండి

మీ వెంట వచ్చువాడు ఎక్కువగా ఆ చుట్టుపట్ల మత్స్యకార కుటుంబములవాడే అయియుండును. పురుగును చూచి పంటకు పట్టిన తెగులు ఇదని మీరెట్లు చెప్పగలరో, నీటి రంగును చూచి చేప జాడను అతడట్లు చెప్పగలడు. అడవి నరికి అమ్మినచో ఒక్కసారి వచ్చు సొమ్ము కంటె, అడవిని చూపి ప్రతి ఏటా సంపాదించు సొమ్ము మేలని అతనికి అనుభవములో తెలియవలెను. మీరిచ్చు కూలి ఆ పని చేయును. కనుక బేరమాడి తగ్గించకండి. "అన్నా", "తాతా" అని మర్యాదగా పలుకరించి, ఏ నెలలో ఏ చేప వచ్చును, ఒడ్డు ఎంత కోసికొనిపోయినది, ఆయన చిన్నతనమున అడవి ఎంతవరకుండెడిది అని అడుగండి. పుస్తకములలో దొరకని సంగతులు తెలియును.

చేరువలోనున్న ఇతర స్థలములు

రెండవ దినము ఉండగలిగినచో కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున గల ద్రాక్షారామ భీమేశ్వరాలయమును దర్శించండి. పంచారామములలో ఇదియొకటి. ఇచ్చటి శిలాశాసనములలో అఖండ దీపములకు నేతి కొరకు గొర్రెలను, ఆవులను దానమిచ్చిన సంగతులు చెక్కియున్నవి. పాడి సంపద ఆనాడు ఎంత విలువ గలదో ఆ రాళ్ళే చెప్పును. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనుండిన యానాం ఆ దారిలోనిదే.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ గలదు. అడ్డపోగులో చేతితో బుటాలు చొప్పించు జాందానీ నేత అక్కడ చూడవచ్చును. ఆ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేతగానివద్ద నేరుగా కొనుట ఇరువురకు లాభము. ఆ ఊరి ఒడ్డునకు కూడ పోయి చూడండి. సముద్రము ఇండ్లను, రోడ్డును కోసికొని పోవుచున్న తీరు కండ్లకు కట్టును. కోరంగిలో మడ నిలిపిన ఒడ్డును చూచిన కన్నులతోనే దీనిని చూచినచో మీరు వచ్చిన పని నెరవేరినట్లే.

గుర్తుంచుకొనవలసినవి

1. మంచినీరు వెంట తీసికొనిపోయి, ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి మీ వెంటనే తెచ్చుకొనండి. ఊపిరి వేళ్ళపై ప్లాస్టిక్ కప్పుకొనినచో చెట్టుకు హాని.
2. బాట దిగి బురదలో నడువరాదు. కొమ్మలు విరువరాదు.
3. పడవలో పిల్లలకు, పెద్దలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి.
4. కేకలు, పాటల పెట్టెలు వద్దు. నిశ్శబ్దముగా నున్నవారికే పక్షులు కనబడును.

తిరిగి వచ్చిన తరువాత

చూచి వచ్చుటతో సరిపెట్టకండి. మీది తీర గ్రామమైనచో ఉప్పుకాలువల ఒడ్డున మిగిలిన మడను నరకనీయకండి. చేపల చెరువులున్నవారు గట్ల వెంట మడ మొక్కలు పెంచు పద్ధతిని గూర్చి అటవీ, మత్స్య శాఖలవారిని సంప్రదించండి. ఇసుక నేలలలో సరుగుడు, తాడి వరుసలు గాలికి అడ్డుగా నిలుచును. లోపలి గ్రామములవారు తమ ఊరి బడిపిల్లలను, యువకులను ఒకసారి కోరంగికి తీసికొనిపోవలెను. ఉప్పెన వచ్చిన తరువాత మొక్కలు నాటబూనుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిది. మడ మొక్క చెట్టగుటకు ఏండ్లు పట్టును. తుపాను అంతవరకు ఆగదు.